ఒక్క లారీ యాడుండాది?

మదనపల్లె బస్టాండులో శనివారం మధ్యాహ్నం మూడింటికి నిఖితకు ఒక ముక్కూ మొహం తెలియని మనిషి అవసరమయ్యాడు.

ఆమె పుంగనూరులో ఒక ప్రైవేటు బడి టీచరు. డిగ్రీ అయినవాళ్లు చేసే ఎడ్యుకేషనల్ టెక్నాలజీ సర్టిఫికెట్ కోర్సులో చేరి ఏడాది అయింది. ఆఖరి పని ఒక్కటే మిగిలింది. తాను తయారుచేసిన డిజిటల్ పాఠాన్ని, అది బొత్తిగా తెలియని కొత్త మనిషికి నేర్పి, అదంతా వీడియో తీసి సాయంత్రం ఐదులోపు పంపాలి.

సర్టిఫికెట్ వస్తే జూన్ నుంచి ఉద్యోగం పర్మనెంటు. రాకపోతే జూన్ నుంచి ఇంట్లోనే.

వస్తానన్న మనిషి రాలేదు. వీడియో తీయడానికి మాత్రం భర్త బెన్నీ వచ్చాడు. పెళ్లయి నలభై రోజులు. ఏ పని చెప్పినా పండగలా చేస్తున్నాడు.

"అదో, ఆ పెద్దాయన్ని అడుగుదామా? మొకం సూస్తే ఓపిక ఉండేటట్టుండాది."

"నీకంటే ఉంటాదిలే," అంది నిఖిత.

పెద్దాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా, ఒళ్లో ఆసుపత్రి ఫైలు.

"యాడికి తాతా?"

"కుప్పానికమ్మా. బస్సుకింకా టైముండాది."

"ఒక పాఠం చూస్తారా? పది నిమిషాలు."

ఆయన సర్దుకుని కూర్చున్నాడు. "పాఠమా? చెప్పమ్మా, చెప్పు."

అంగీకార పత్రం మీద 'చెంగల్రాయుడు, కుప్పం' అని గుండ్రంగా రాశాడు. ఫోన్ నంబరు గడి దగ్గర ఆగి, జేబులోంచి ఒక చీటీ తీసిచ్చాడు.

"ఇది మాత్రం నువ్వు రాయమ్మా."

ట్యాబ్‌లో పాఠం మొదలైంది. మార్కెట్‌కు వచ్చిన టమాటా లారీల బార్ గ్రాఫ్. సోమవారం ఇరవై, మంగళవారం నలభై. ఎర్రటి కడ్డీలు సంగీతంతో పైకి లేచాయి.

"అర్థమైందా తాతా?"

"కాలేదమ్మా."

మళ్లీ వేసింది.

"ఇప్పుడు?"

"కడ్డీ బాగుండాది. దాంట్లో ఒక్క లారీ యాడుండాది?"

"ఒక గడి అంటే పది లారీలు తాతా."

"అదెట్లా? గడి ఒకటే కదా."

"అట్లా అనుకోవాలి."

"యాల అనుకోవాల?"

బెన్నీ ఫోను వెనక కిసుక్కుమన్నాడు. నిఖిత గడియారం చూసుకుంది. నాలుగు కావస్తోంది.

"తాతా, అర్థమైందని ఒక్క మాట చెప్పండి, చాలు."

"అర్థం కాకుండా అయిందని ఎట్లా చెప్పేదమ్మా? ఇంకొక్కసారి చెప్పు, నిదానంగా."

"వద్దులే తాతా. మీ బస్సు పోతాది."

"పోతే పోనీమ్మా. ఇంకోటుండాది."

నిఖిత ట్యాబ్ మూసేసింది. "బెన్నీ, డిలీట్ చెయ్."

పెద్దాయన మూసిన ట్యాబ్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

బీఎడ్‌లో డెమో క్లాసుకు ముందురోజే పిల్లలకు జవాబులు నేర్పిపెట్టడం నిఖితకు అలవాటే. పక్కనే టీ అంగడి నడిపే ఎల్లమ్మకు అదే నేర్పింది.

"నేను తల ఊపితే నలభై అనాలక్కా."

"అంతేనా? దీనికి సదువెందుకు!"

కెమెరా తిరిగింది.

"ఎల్లమ్మక్కా, మంగళవారం..."

"నలభై!"

"బంగారు అక్క!" అన్నాడు బెన్నీ.

ఐదుకు పది నిమిషాల ముందే వీడియో వెళ్లిపోయింది. ఇద్దరూ చెరో ప్లేటు బజ్జీలు తిన్నారు. మిరపకాయ కారానికి బెన్నీ కళ్లనీళ్లు పెట్టుకుంటే నిఖిత దాన్నీ వీడియో తీసింది.

నాలుగో రోజు వీడియో తిరిగొచ్చింది. కింద ఒకటే మాట రాసి ఉంది: 'ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చింది. ఇక్కడ నేర్చుకున్నది ఎవరు?'

వారం గడువిచ్చారు.

రెండు రోజులు ట్యాబ్ ముందు కూర్చున్నా నిఖితకు ఆ పెద్దాయన ప్రశ్నే తోచింది. పాఠం మొత్తం మార్చింది. ఈసారి తెర మీదికి ముందు ఒక్క లారీ వచ్చింది. దాని మీద ఇంకొకటి. అలా పది పేర్చాక, వాటి చుట్టూ ఒక గడి గీసుకుంది.

పక్కింట్లో కొత్తగా దిగిన, లెక్కలంటే ఆమడదూరం పోయే ఆవిడ చూసింది. రెండుచోట్ల ఆపి అడిగింది. చివర్లో, "ఓహో, ఇంతేనా!" అంది.

నిఖిత పాసయింది.

సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి మూడు నెలలు గడిచాయి. ఆ రోజు అంగీకార పత్రం మీద రాసిన నంబరుకు ఫోన్ చేస్తే చెంగల్రాయుడి భార్య బయ్యమ్మ ఎత్తింది. "రాండమ్మా," అని మాత్రం అంది.

ఆదివారం బయలుదేరారు. కిటికీ సీటు కోసం కొట్లాడుకున్నారు. దారిలో ఉడకబెట్టిన చెనిక్కాయలు కొని, కుప్పం వచ్చేదాకా ఒలుచుకుంటూ కూర్చున్నారు.

ఇంట్లో చెంగల్రాయుడు మంచం మీద ఉన్నాడు. నిఖితను చూశాడు. పెదాలు కదిలాయి, అంతే.

"పోయిన నెల మళ్లా పక్షవాతం వచ్చిందమ్మా," అంది బయ్యమ్మ. "ఈ తూరి మాట పడిపోయింది."

నిఖిత సర్టిఫికెట్ సంచిలోంచి బయటికి తీయలేదు.

"తాత అడిగిన ప్రశ్న వల్లే పాసయినానమ్మా. ఆ రోజు నాకు చెప్పడం రాలేదు. ఆయనకే లెక్కలు రావనుకున్నా."

బయ్యమ్మ భర్త పెదాలు కొంగుతో తుడిచింది.

"ముప్పై రెండేండ్లు హైస్కూల్లో లెక్కల సారమ్మా ఆయన, మొదటి తూరి పక్షవాతానికి అంకెలన్నీ మరిచిపోయినాడు, మళ్లా నేర్పించే పాప ఒకటి దొరికిందని ఆ పొద్దు ఇంటికొచ్చి సంబరంగా చెప్పి, ఆపైన నాలుగు శనివారాలు నీకోసరం ఆ బస్టాండులోనే సాయంత్రందాకా కూసోని వచ్చినాడు."