పిల్లి ఆచూకీ తెలిసినవారు

పిల్లి తప్పిపోయింది ఆదివారం నాడు. చర్చి నుంచి వచ్చిన ఆర్విడ్ తలుపు తీసి కోటు విప్పేలోపే, అది అతని కాళ్ల సందులోంచి జారి మంచులోకి దూకింది. చీకటి పడినా తిరిగి రాలేదు.

అది అతని భార్య లెనోర్ పెంచిన పిల్లి. లెనోర్ మార్చిలో పోయింది. పరామర్శలు అయిపోయాక ఆ ఇంట్లో ఫోన్ మోగడం మానేసింది. తనతోపాటు మిగిలిన ప్రాణి పికిల్స్ అనే ఆ పిల్లి ఒక్కటే.

మర్నాడు అతను తమ ఊరు దులూత్ కొండవీధుల్లో స్తంభాలకు కాగితాలు అంటించాడు. "బూడిదరంగు పిల్లి. ముందు కుడికాలు తెలుపు." కింద ఫోన్ నంబరు.

"పగలంతా బడిలో భూగోళం చెబుతుంటావు. ఫోన్ వస్తే ఎత్తేదెవరయ్యా, గోడలా?" అంది పక్కింటి వెర్నా. డెబ్బై ఏళ్ల మనిషి, చంకలో ఆన్సరింగ్ మిషన్‌తో వచ్చింది. "మా అల్లుడు కొనిచ్చాడు. ఎప్పుడూ ఇంట్లోనే పడుండేదానికి నాకెందుకిది?"

గోడలోని తీగ మిషన్‌కీ, మిషన్ తీగ ఫోన్‌కీ తగిలించారు. అతని మాటకు ఒక చిన్న కేసెట్, అవతలివాళ్ల మాటలకు మరొకటి.

"నాలుగుసార్లు మోగాక అదే ఎత్తుతుంది. ఆ బొత్తాం నొక్కి చెప్పు."

"నేను ఇంట్లో లేను..."

"ఆపాపు! ఒంటిగాణ్ణని దొంగలకి చాటుతావా? అందరూ 'మేము' అనే అంటారు."

ఆర్విడ్ మళ్లీ బొత్తాం నొక్కాడు. ఎనిమిది నెలలుగా అతను ఆ మాట అనలేదు.

"మేము ఇప్పుడు ఇంట్లో లేము. పిల్లి కనిపించినవారు దయచేసి చెప్పండి."

"హాజరు పిలుస్తున్నట్టుంది. సర్లే, పిల్లికి తెలుస్తుంది నువ్వేనని."

మంగళవారం బడి నుంచి వచ్చేసరికి మిషన్ మీద ఎర్రదీపం రెండుసార్లు మిణుకుమంది, రెండు ఫోన్లు వచ్చాయని.

"బేకరీ సిల్వియానండీ. మీ పిల్లి మా పిండిబస్తాల వెనకాల... ఉండండి. అయ్యో, ఇది ఎవరిదో బొచ్చుటోపీ! ఏమీ అనుకోకండి."

"నా పేరు తోయివో. ఓడలో వంట చేసి రిటైరయ్యాను. రేవు దగ్గర బూడిదరంగుది ఒకటి చూశా. కాలు చూద్దామంటే పారిపోయింది. నా మోకాళ్లతో దాన్ని పట్టగలనా?"

ఆర్విడ్ ఇద్దరికీ ఫోన్ చేశాడు. ఆ సాయంత్రమే రేవుకు వెళ్లి తోయివోతో కలిసి పడవల కిందంతా వెతికాడు. పిల్లి దొరకలేదు. తోయివో ఇచ్చిన కాఫీ మాత్రం వేడిగా ఉంది.

శనివారానికి తొమ్మిది ఫోన్లు వచ్చాయి. ఒకామె తన చచ్చిపోయిన కుక్క కథ చెబుతుండగా టేపు అయిపోయింది. మళ్లీ చేసి మిగతాది చెప్పింది. అతను ఒక్కొక్కరికీ తిరిగి ఫోన్ చేశాడు. పిలిచినవాళ్ల ఇళ్లకు వెళ్లాడు.

"దొరికిందా?" అని అడిగింది సిల్వియా, బేకరీలో.

"మీరు మళ్లీ ఏదో చూశానని ఫోన్ చేశారుగా, ఏ వీధిలో?"

"మా వెనకవీధిలోనే. ముందు కూర్చోండి, దాల్చినచెక్క రొట్టె ఇప్పుడే దించాను. ఆశ వదులుకోకండి సార్."

"వదులుకోను," అన్నాడు ఆర్విడ్.

నెల గడిచింది. ఒక సాయంత్రం అతను అరుగు మీద మంచు ఎత్తిపోస్తుంటే వెర్నా వచ్చింది.

"ఆ కాగితాలన్నీ తడిసి ఊడిపోయాయి కదయ్యా."

"నిన్న కొత్తవి అంటించాను."

"పాలగిన్నె ఇంకా పెడుతున్నావా?"

"రోజూ."

వెర్నా ముక్కు చీదుకుంది. "పిచ్చి మారాజువి. పోనీలే, నీ మొహంలో కాస్త కళైనా వచ్చింది."

లోపల ఫోన్ నాలుగుసార్లు మోగింది. మిషన్ అతని మాట వినిపించాక తోయివో గొంతు అందుకుంది. "ఇంట్లోనే ఉన్నావని తెలుసు, ఎత్తవయ్యా! పేకాటకి ఒక మనిషి తక్కువ. సిల్వియా రొట్టెలు తెస్తానంది."

ఆర్విడ్ తలుపు కొంచెమే తెరిచి, పక్కకు తిరిగి లోపలికి దూరాడు. "వస్తున్నా, ముక్కలు పంచండి," అనడం వెర్నాకు బయటికి వినబడింది.

పిల్లి నాలుగో రోజే తిరిగొచ్చిన సంగతి అతను ఇంకా ఎవరికీ చెప్పలేదు.