పదికి పది

“నేను కాపీ కొట్టనే,” అన్నారు మాస్టారు. “కాపీ కొట్టినవాళ్ళని ముప్పై ఏళ్ళుగా బయటికి పంపినవాణ్ణి.”

“గొప్పే. ఇవాళ నిన్ను పంపుతారు,” అంది చెల్లెలు. “ఈ కొత్త మందు పనిచెయ్యనివాళ్ళ పేర్లు జాబితాలోంచి కొట్టేస్తారట. వరండాలో అందరూ అదే అంటున్నారు.”

ఇద్దరూ ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మాస్టారికి పుట్టుకతోనే చూపు లేదు. అంధుల బడిలో బ్రెయిలీ పాఠాలు చెబుతారు. ఆ చుక్కలన్నీ చదివింది ఆయన కుడి చూపుడువేలు ఒక్కటే. ఆరు నెలల కిందట పగిలిన కిటికీ అద్దం ఆ చేతి మణికట్టు దగ్గర నరాన్ని తెంపేసింది. నరం కుట్టారు. గాయం మానింది. వేలు మాత్రం కొయ్యముక్కలా ఉండిపోయింది. ఎడమచేత్తో తడిమితే అక్షరాలన్నీ ఇసుక పోసినట్టు తగులుతున్నాయి.

“నెలాఖరు దాకా చూస్తామన్నారు బడివాళ్ళు. ఆ తరవాత ఏం చేస్తావన్నయ్యా? గంట కొడతావా?”

“దానికీ చెయ్యి కావాలే.”

“అందుకే చెబుతున్నా. ఆవిడ వేలు ముట్టుకున్నప్పుడల్లా నీ కాలు తొక్కుతాను. తగిలిందను. అంతే.”

లోపల్నించి పిలుపు వచ్చింది. లేచేటప్పుడు మాస్టారు, ఎన్నడూ లేనిది, చెల్లెలి భుజం గట్టిగా పట్టుకున్నారు.

“రండి మాస్టారూ,” అంది డాక్టరమ్మ. “మా ఇంజక్షను ఏం చేస్తుందో గుర్తుందా?”

“నరంలో మైక్రో ఆర్ఎన్ఏలని ఏవో ఉంటాయన్నారు. కొన్ని నరాన్ని పెరగమంటాయి, కొన్ని వద్దంటాయి. ఆ వద్దనేవాటి నోరు మీ మందు మూయిస్తుంది.”

“శభాష్!”

“మా క్లాసులోనూ ఉన్నారమ్మా అలాంటివాళ్ళు ఇద్దరు. వాళ్ళకీ ఓ ఇంజక్షను ఇద్దురూ.”

డాక్టరమ్మ నవ్వింది. ఆయన చేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టింది. “ఈ ఇంజక్షనుకి ఇదే ఆఖరి పరీక్ష. సన్నటి నైలాను పోగుతో పదిసార్లు ముట్టుకుంటాను. తగిలితే చెప్పండి. కళ్ళు మూసుకుని...” అనబోయి నాలిక కరుచుకుంది.

పోగు వేలికొసన ఆనింది. బల్ల కింద, పక్కనే కూర్చున్న చెల్లెలి చెప్పు ఆయన పాదం మీద పడింది.

“తగిలింది,” అన్నారు మాస్టారు.

రెండు. మూడు. నాలుగోసారి పోగు ఆనినా చెల్లెలు చూసుకోలేదు. డాక్టరమ్మ కలం కాగితం మీద ఆగింది. చెల్లెలు ఉలిక్కిపడి మడమతో తొక్కింది.

“ఆఁ... తగిలింది. కాస్త ఆలస్యంగా తెలిసిందమ్మా.”

“ఫరవాలేదు. మొదట్లో అలాగే ఉంటుంది.”

ఎనిమిదోసారికి ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. వేలి దగ్గర ఏమీ లేదు. పోగు లేదు, బల్ల లేదు, వేలూ లేదు. ఉన్నదల్లా కాలి మీద చెల్లెలి బరువు.

“పదికి పది!” అంది డాక్టరమ్మ. కుర్చీలోంచి లేచి ఆయన చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. “ఇంతమందిలో మీ ఒక్కరికే స్పర్శ వచ్చింది, మాస్టారూ!”

చెల్లెలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “అయితే మా అన్నయ్య పేరు కొట్టెయ్యరు కదమ్మా?”

“కొట్టెయ్యడమా? ఎవరు చెప్పారమ్మా నీకు?” అంటూనే డాక్టరమ్మ పక్కగదిలోకి కేకేసింది. “నర్సమ్మా, మాస్టారి కోసం తీసిపెట్టిన పెద్ద మోతాదు ఇంజక్షను బయట కూర్చున్నాయనకి ఇచ్చెయ్యి. స్పర్శ రానివాళ్ళకే కదా అది, ఈయనకెందుకిక!”