రెండు పెట్టెల్లో ఏది

"రెండోదే పెడదాంరా," అన్నాడు అన్న, తమ్ముడు ఇంకా చెప్పడం పూర్తిచేయకముందే.

ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు వాళ్ళది. ఫైళ్ళన్నీ ఒకేచోట దాచడానికి తమ్ముడు రెండు ఓపెన్ సోర్సు స్టోరేజీ సిస్టమ్‌లు తెచ్చి, రెండు పాత కంప్యూటర్ పెట్టెల్లో వేసి, నెలగా ఆఫీసు ఫైళ్ళతోనే పోల్చి చూస్తున్నాడు. రెండూ ఉచితమే. నడుస్తుండగా ఒక డిస్కు పీకేసినా రెండూ తొణకలేదు.

"మొదటిదే మనకి నయం అన్నయ్యా. గంటగంటకీ ఫైళ్ళని ఉన్నవి ఉన్నట్టు పట్టి ఉంచుతుంది. మనం చెరిపేసినా తెచ్చిస్తుంది, ఎవరు గీశారో కూడా చూపిస్తుంది. రెండోదాంట్లో అదంతా మనమే విడిగా పెట్టుకోవాలి."

అన్నకి ఈమధ్య గీసిన ఓ ఇంటి ప్లాన్ గుర్తొచ్చింది. అందులో మెట్ల కొలత తప్పు గీసింది తనే. కట్టిన మెట్లు పగలగొట్టాల్సి వచ్చేసరికి, తన పేరున్న ఆ ఫైలు చెరిపేసి, నెపం తమ్ముడి మీదికి నెట్టాడు. నిన్న ఆ ఇంటి యజమాని ముందు తమ్ముడు తలొంచుకుని, "పొరపాటు నాదేనండి," అన్నాడు.

"అంత హంగు మనకెందుకురా. రెండోది తేలిగ్గా ఉంది," అన్నాడు అన్న, చూపు తప్పించి.

"సరే, నీ ఇష్టం." తమ్ముడు మొదటి పెట్టె వైరు పీకాడు.

అన్న ఉండబట్టలేకపోయాడు. "అయినా చెరిపేసింది నిజంగా తెచ్చిస్తుందని ఏంటి నమ్మకం?"

"మొన్ననే చూశాను అన్నయ్యా, మెట్ల ఫైలుతోనే," అన్నాడు తమ్ముడు వైరు చుడుతూ. "కాస్త అటువైపు పట్టు, బరువుగా ఉంది."