గురువుగారి కొమ్ము

“కొమ్ము మాయమైంది సార్,” అంటూ పరిశోధక విద్యార్థిని గ్రాఫు కాగితాన్ని గైడు ముందు పెట్టింది.

ఆ ల్యాబులో ఉక్కు కడ్డీ కంపనాలు ఎప్పుడు కొలిచినా గీత మధ్యలో నిటారుగా ఒక కొమ్ము లేస్తుంది. పాతికేళ్ల కిందట ఆయనకు డాక్టరేటు తెచ్చిపెట్టింది అదే. విద్యార్థులు చాటుగా దాన్ని గురువుగారి కొమ్ము అంటారు.

“కడ్డీ సరిగ్గా బిగించి ఉండవు.”

“విప్పి మళ్లీ బిగించాను సార్. సెన్సర్ కూడా మార్చి చూశాను.”

“మరి ఇంకేం మారిందో వెతకాలి కదమ్మా. పరిశోధనంటే అదే. ఎవరి మాటా గుడ్డిగా నమ్మకూడదు, నా మాటైనా సరే.”

“వెతికాను సార్. సోమవారం నుంచి నేను మెట్లెక్కి వస్తున్నాను.”

“అయితే?”

“ల్యాబు గోడ అవతలి పాత లిఫ్టు చెడిపోయింది. అది ఆగినప్పటి నుంచే కొమ్ము రావడం లేదు.”

గురువుగారు కళ్లజోడు తీసి తుడిచారు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచారు. ఆయన వెనక గోడ మీద, ఫ్రేము కట్టించిన తొలి గ్రాఫు కొమ్ముతో సహా వేలాడుతోంది.

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు సార్. ముందు మీకే.”

“మంచిది. నీకు పరిశోధన చేయడం వచ్చేసిందమ్మా.”

నాలుగేళ్లుగా ఆ మాట కోసమే మొహం వాచి ఉన్న ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది.

గురువుగారు ఫోనందుకుని ఆఫీసుకు కలిపారు.

“ఆ లిఫ్టు బాగుచేయించడానికి ఇంకెన్నాళ్లయ్యా? ఇక్కడ పరిశోధన ఆగిపోయింది.”