నూటతొంభై ఆరు డిగ్రీల చలి

"ఒక్క సూది మస్తానన్నా! ఈ ఒక్కసారి వెయ్యి." పుష్పమ్మ అతని బైకు హ్యాండిల్ పట్టుకుని వదల్లేదు.

వాకిట్లో ట్రాలీ ఆటో ఆగి ఉంది. కబేళా బేరగాడు ఆమె గేదెను అందులోకి ఎక్కిస్తున్నాడు. అది కాళ్లు తన్నిపట్టి ఎక్కనంటోంది.

"నాలుగుసార్లు వేస్తి గదక్కా. చూడి నిలిచిందా? గొడ్డుది. ఇంగ దాన్నేం చేసుకుంటావు?" అన్నాడు మస్తానయ్య. పుల్లలచెరువు చుట్టుపక్కల పల్లెల్లో ఎదకొచ్చిన పశువులకు చూడి కట్టే సూదులు వేసేది అతనొక్కడే.

గొడ్డుది అన్న మాట పుష్పమ్మకు కొత్త కాదు. పెళ్లయ్యాక ఏడేళ్లు అత్త నోట ఆ మాట పడింది తను. నోరున్న మనిషి కాబట్టి ఏడ్చయినా చెప్పుకుంది. ఈ మూగజీవం ఎవరికి చెప్పుకోవాలి?

"ఈ ఏడు ఊళ్లో బర్రెలన్నీ గొడ్డువే అవుతుండాయేందన్నా?"

"ఎండలు చూస్తాండావు గదా. పచ్చిమేత ఏడుంది?" మస్తానయ్య బైకు వెనక కట్టిన క్యాను మీద చెయ్యేశాడు. "ఇందులో ఉండేది నైట్రోజన్. మైనస్ నూటతొంభై ఆరు డిగ్రీలు. ఆ చలికి కాలం కూడా గడ్డకడతాది. చచ్చి ఆరేళ్లయిన దున్న బీజం ఈ గొట్టాల్లో ఇంకా బతికే ఉందంటే ఆ చలి పుణ్యమే. బయటికి తీస్తే నిమిషంలో పాయె. గొడ్డుదానికి దండగ చెయ్యమంటావా?"

పుష్పమ్మకు ఆ చలంటే భయమే. మూత తీసేటప్పుడు మస్తానయ్య అందర్నీ కొట్టం బయటికి తరిమేవాడు. వేలు తగిలితే రాలిపోతుందనేవాడు.

"ఊరుకోయే, ఇంగ పోనీ," అన్నాడు మొగుడు రంగయ్య, మొహం పక్కకు తిప్పుకుని.

ఆటో కదిలింది. పుష్పమ్మ హ్యాండిల్ వదిలేసింది. గేదె అరుస్తూనే ఉంది. మలుపు తిప్పడంలో ఆటో వెనక భాగం తగిలి స్టాండేసిన బైకు పడింది. క్యాను దొర్లి, మూత ఊడి, గొట్టాలు చెల్లాచెదురయ్యాయి. క్యానులోంచి చుక్క కూడా కారలేదు. ఆటో ఆగకుండా పోయింది.

"ముట్టుకోవద్దక్కా! చెయ్యి పోతాది!" మస్తానయ్య కేక పెట్టాడు.

తన గేదె ఎట్లాగూ పోయింది. ఇంకొకరి కొట్టంలో పుట్టాల్సిన దూడలివి, చూస్తుండగానే చచ్చిపోతాయి అనుకుంది పుష్పమ్మ. చెయ్యి పోతే పోయిందని, పళ్లబిగువున ఒక గుప్పెడు గొట్టాలు ఏరి పట్టుకుంది.

అవి గోరువెచ్చగా ఉన్నాయి.