చిప్పు చెప్పిన అబద్ధం

"ఈ డ్రైవర్ రాసిందెవరు?"

ముసలాయన అడిగిన తీరుకి రిసెప్షన్‌లో అమ్మాయి ఉలిక్కిపడి లేచి నిలబడింది.

కాఫీ కప్పుతో అటుగా వస్తున్న స్తానిమీర ఆగింది. "నేనే. ఏం కావాలి?"

"పాతది కావాలి. కొత్తది తీసెయ్."

ప్లోవ్‌దివ్ నగరంలోని ఆ కంపెనీ డయాలిసిస్ మిషన్లు తయారు చేస్తుంది. మిషన్ లోపల పంపుకి, తెరకి, అలారానికి మెమరీలో ఎవరికెంత చోటో పంచిపెట్టే ప్రోగ్రాం పేరు డ్రైవర్. అది స్తానిమీర బాధ్యత.

ఏళ్ల తరబడి మిషన్లలో ఏ మెమరీ చిప్పు దొరికితే ఆ చిప్పు వేశారు. మొత్తం ఏడు రకాలు. ఒక్కో రకానికీ ఒక్కో మినహాయింపు, దానికి మళ్లీ ఇంకో అతుకు. ఆమె నాలుగు నెలలు కూర్చుని అదంతా కడిగి పారేసింది. ఇప్పుడు డ్రైవర్ చిప్పుని దాని నంబరు అడుగుతుంది. ఆ నంబరుని బట్టి నడుచుకుంటుంది.

"అన్ని రకాల మీదా పరీక్షించాం, పెద్దాయనా."

"మీ బల్లల మీదున్న వాటి మీద పరీక్షించారు." ఆయన జేబులోంచి గళ్ల కాగితం తీసి కౌంటర్ మీద పరిచాడు. "రొడోపి కొండల్లో మా డయాలిసిస్ సెంటర్లో ఆరు మిషన్లు. ఐదు బాగున్నాయి. ఒకటి నలభై ఒకటో నిమిషంలో బిగుసుకుపోతోంది. రక్తం పంపు ఆగిపోతుంది. నర్సు పరిగెత్తుకొచ్చి చేత్తో తిప్పాలి."

"ఆరింటిలోనూ ఉన్నది నాలుగో రకం చిప్పే. మా రికార్డులో ఉంది."

"ఆ ఆరోదాని చిప్పు పైన నంబరు నాలుగు. లోపల ఉన్నది మూడు. పాత సరుక్కి కొత్త నంబరేసి ఎవడో మీకు అంటగట్టాడు. చిప్పు అబద్ధం చెప్తోంది, నువ్వు నమ్ముతున్నావు."

"మీకెలా తెలుసు?"

"పాత డ్రైవర్‌తో మిషన్ లేవడానికి మూడు సెకన్లు ఎక్కువ పట్టేది. ఆ మూడు సెకన్లూ అది చిప్పుని పరీక్ష చేసేది. చెప్పినంత చోటు నిజంగా ఉందో లేదో రాసి చూసుకునేది. అదే నువ్వు పీకేశావు. ఇప్పుడు నలభై నిమిషాలకి ఉన్న చోటు నిండి, లేని చోట రాయబోయి బిగుసుకుంటోంది."

స్తానిమీరకి ఒళ్లు మండింది. ఆ మూడు సెకన్లు తగ్గించినందుకే డైరెక్టర్ ఇవయిలో ఆమెను అందరి ముందూ మెచ్చుకున్నాడు.

"మీరు ఏ సర్వీసు కంపెనీ మనిషి?"

"ఏ కంపెనీ మనిషినీ కాదు. ఈ ఊళ్లోనే కంప్యూటర్ల ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు చేశాను."

"అది మూతపడి ముప్పై ఏళ్లయింది."

"నా బుర్ర మూతపడలేదు."

గొడవ విని ఇవయిలో గదిలోంచి వచ్చాడు. "ఫిర్యాదు ఉంటే మీ సెంటర్ ద్వారా రాయించండి."

"మూడుసార్లు రాశారు. మిషన్‌లో ఏ లోపమూ నమోదు కాలేదని మూడుసార్లూ జవాబిచ్చారు. బిగుసుకుపోయిన మిషన్‌కి లోపం రాసుకోవడానికి చోటెక్కడుందయ్యా?"

ఇవయిలో కాపలాదారుకి సైగ చేశాడు.

"ముందు మీ కేబుళ్లు సరిగ్గా బిగించుకోండి" అంది స్తానిమీర. "నాలుగు స్క్రూలు తిప్పినంత మాత్రాన ఇంజనీర్లు కారు." ఇవయిలో నవ్వాడు.

కాపలాదారు ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన విసురుగా లాక్కున్నాడు. "ఆ చెయ్యి ముట్టుకోకు." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "నన్నెన్ని తిట్టినా పడతాను, పిల్లా. ఆ కాగితం మాత్రం చదువు."

కాగితం కింద పేరుంది: జప్ర్యాన్. ఆమె దాన్ని సొరుగులో పడేసింది.

మూడు వారాలకి ఇంకో రెండు ఊళ్ల నుంచి అదే ఫిర్యాదు వచ్చింది.

ఈసారి అక్కడి నుంచి ఒక మిషన్‌ను తెప్పించి, విప్పి, దాని చిప్పుని స్తానిమీర తన బల్ల మీదే నడిపించింది. నలభై నిమిషాలు బాగానే నడిచింది. నలభై ఒకటో నిమిషంలో తెర రాయిలా నిలిచిపోయింది.

సొరుగులోంచి కాగితం తీసింది. తేదీ, మిషన్ నంబరు, ఆగిన నిమిషం. ముప్పై ఎనిమిది వరుసలు. ప్రతి వరుసలోనూ ఆగింది నలభై ఒకటో నిమిషంలోనే.

సాయంత్రానికల్లా తను పీకేసిన ఆ మూడు సెకన్ల పరీక్షను మళ్లీ రాసింది. పది లైన్లు.

"వచ్చే విడుదలలో కలుపుదాం" అన్నాడు ఇవయిలో.

"అప్పటిదాకా పంపు ఎవరు తిప్పుతారు, మీరా?"

"గొంతు తగ్గించు, స్తానిమీరా."

"తగ్గించను. ఆ రోజు ఆయన మీద అరిచాను కదా, మీరు నవ్వారు. ఇప్పుడు వినండి. సంతకం పెట్టండి, లేకపోతే ఈ చిప్పు తీసుకుని ఆరోగ్య మంత్రిత్వశాఖకి పోతాను."

ఇవయిలో సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె తన కారులోనే రొడోపి కొండల్లోని ఆ సెంటర్‌కి బయల్దేరింది. దారి పొడుగునా ఎవరి మీద కోప్పడాలో తెలియక తనని తానే తిట్టుకుంది.

నర్సు ఫత్మే ఆరో మిషన్ చూపించింది. స్తానిమీర సరిచేసిన డ్రైవర్ ఎక్కించి, ఉప్పునీళ్ల సంచి తగిలించి నడిపించింది. నలభై ఒకటో నిమిషం వచ్చింది. వెళ్లింది. పంపు తిరుగుతూనే ఉంది.

రెండు గంటలు చూశాక స్తానిమీర లేచింది. "మీ మెకానిక్ జప్ర్యాన్ గారిని పిలుస్తారా? ఆయనకి క్షమాపణ చెప్పాలి."

"మెకానిక్కా?" ఫత్మే చేతిలోని గొట్టాలు పక్కన పెట్టింది. "మాకు మెకానిక్ ఎవరూ లేరమ్మా. జప్ర్యాన్ తాత మా పేషెంటు, ఎడమ చేతికి డయాలిసిస్ సూదులు గుచ్చేది నేనే. పోయిన గురువారం చనిపోయాడు."

"మరి ఈ మిషన్ ఆగిన నిమిషాలన్నీ ఆయనెలా రాశాడు?" అని అడిగింది స్తానిమీర.

"ఈ మిషన్ సంగతి కనిపెట్టిన రోజే, మిగతావాళ్లందరికీ ఆ ఐదింటి మీదే సరిపోయేలా వంతులు వేసిచ్చి, వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి దీని దగ్గర తనే పడుకునేవాడు."