ఇరవై నాలుగో కుర్చీ

"అయిపోయాయమ్మా. ఉన్నవే ఇరవై నాలుగు కంప్యూటర్లు. ఇరవై నాలుగో పేరు ఇప్పుడే ఎక్కించాను," అంది కిటికీ అవతల కూర్చున్న శశిలత.

వాసితి కిటికీ గట్టు పట్టుకుని ముందుకు వంగింది.

ఓడ ఇంజను నడిసముద్రంలో ఆగిపోయి రెండు రోజులు తినేసింది. రాజధాని సువా రేవులో దిగిన మనిషి దిగినట్టే వానలో పరుగెత్తుకొచ్చింది. బిజినెస్ స్కూలు ప్రవేశ పరీక్షకు పేరు రాయించుకోవడానికి అదే ఆఖరి రోజు.

"ఓడ దారిలో ఆగిపోయింది మేడమ్. ఓ మూల నిలబడైనా రాస్తాను."

"కంప్యూటర్ మీద రాసే పరీక్ష. నిలబడి ఏం చేస్తావు? వచ్చే ఏడు రా."

"వచ్చే ఏడు స్కాలర్‌షిప్ ఉండదు. మా దీవి మొత్తానికి ఒక్కటిచ్చారు. ఈ ఏడు సీటు రాకపోతే అదీ పోతుంది. ఊళ్ళో అందరూ నన్నే నమ్ముకుని పంపారు."

శశిలత నొచ్చుకుంది. చేసేదేమీ లేక కాగితాలు సర్దుకోసాగింది.

వాసితి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

బల్లమీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. వెలిసిన పూల చొక్కా, నడుముకు లుంగీలా చుట్టిన సులు, చెప్పులకు ఎండిన ఎర్రమట్టి. చేతిలో అప్పుడే ఇచ్చిన రసీదు. ఆ ఇరవై నాలుగో పేరు రాయించింది ఆయనే.

"నా చోటు తీసుకో అమ్మాయీ," అన్నాడు.

వాసితి తల అడ్డంగా ఊపింది.

"మీ పిల్లల కోసం రాయించుకున్నట్టున్నారు. వద్దు మావయ్యా. ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్ళ దగ్గర చెయ్యి చాచకూడదని మా అమ్మ చెప్పింది."

"మంచి మాటే."

ఆయన కాసేపు రసీదు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

"ఏ ఊరు మీది?"

"వునిబుకా."

ఆయన ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు బయట వానకేసి చూశాడు. తర్వాత తొడ చరుచుకుని పెద్దగా నవ్వాడు.

"అదా సంగతి! ఓడ ఆగిందంటే ఆగదా మరి? వునిబుకా వాళ్ళు ఎక్కితే ఓడైనా మొరాయిస్తుంది. నేను నసోలో వాణ్ణి!"

వాసితి తలెత్తింది. వునిబుకా, నసోలో తౌవు ఊళ్ళు. రెండింటికీ మూలపురుషుడు ఒక్కడే. తౌవులు ఒకళ్ళనొకళ్ళు ఎంత మాటైనా అనుకోవచ్చు, ఏదైనా అడగవచ్చు. అడిగితే లేదనకూడదు. పుచ్చుకున్నవాళ్ళు మొహమాటపడకూడదు.

"నసోలోనా?" అంది. తడి కళ్ళలోనే చిన్న నవ్వు మెరిసింది. "మీ ఊళ్ళో బడికి వెళ్ళేవి పందులొక్కటేనట గదా!"

"నిజమే. వాటికి చదువు చెప్పింది మీ ఊరి పంతులే. అందుకే ఒక్కటీ పాసవలేదు."

శశిలత ఫక్కుమంది.

"మీ తాతలు మా దొడ్లో పందిని అడక్కుండానే తోలుకుపోయారు," అన్నాడాయన. "మనవరాలివి, నీకు అడగడానికే నోరు రావడం లేదు. వునిబుకా రక్తం పలచబడిపోయిందా ఏం?"

అంతే. వాసితి ఆయన ఎదురుగా వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏయ్ తౌవూ, ఆ కాగితం ఇటియ్యి. అది నాది."

"తీసుకుపో, గజదొంగా!"

రసీదు ఆమె చేతిలో పెట్టి శశిలత వైపు తిరిగాడు. "నా కాగితం కొట్టేసి ఈ పిల్ల పేరు ఎక్కించండమ్మా."

శశిలత ఏదో అనబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

వాసితి సంతకం పెట్టి తలెత్తేసరికి బల్ల ఖాళీగా ఉంది.

మూడు నెలలకు సీటు వచ్చింది. చేరడానికి వచ్చిన రోజున వాసితి చంకలో చాప చుట్టతో అదే కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"మా తౌవు పేరూ, చిరునామా కావాలి మేడమ్. మా అమ్మ చాప అల్లి పంపింది. దాంతోపాటు నాలుగు తిట్లు కూడా పంపింది. ఆయన కూతురికో కొడుక్కో వచ్చే ఏడు పరీక్షకు నేనే దగ్గర కూర్చుని చదివిస్తాను."

శశిలత నవ్వలేదు.

"కూతురెవరు, కొడుకెవరు? పరీక్ష రాయాల్సింది ఆయనే."

"ఆయనా?"

"ఆ రోజే చెప్పబోయాను. కళ్ళతోనే వద్దన్నాడు."

లేచి వెళ్ళి పాత కట్టలోంచి ఒక కాగితం తీసి, కిటికీలోంచి ముందుకు జరిపింది. అడ్డంగా ఎర్ర గీత కొట్టేసి ఉంది.

పేరు పెనైయా. వయసు నలభై అయిదు. పరీక్షకు ఎన్నోసారి అన్నచోట, మొదటిసారి అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

"నలభై అయిదు దాటితే కూర్చోనివ్వరు," అంది శశిలత నెమ్మదిగా. "ఆయన పుట్టినరోజు పోయిన నెలలో వెళ్ళిపోయింది."

వాసితి చాప చుట్టను నేలమీద పెట్టింది.

"నసోలో వాళ్ళు... అడిగితే లేదనలేరు," అంది. "నేనే అడిగాను. తౌవునని చెప్పి నేనే లాక్కున్నాను."

శశిలత కాగితంలో కింది వరుస మీద వేలు పెట్టింది.

స్వగ్రామం అన్నచోట నసోలో అని లేదు. సముద్రమే కనపడని ఏదో కొండ ఊరి పేరుంది. ఆ ఊరికీ వునిబుకాకూ ఏనాడూ ఏ వరసా లేదు.